కొత్త కారా, చేతులు మారిన కారా?

'సెడాన్' అనే మాటకు మూడు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో అర్థం వేరు. ఇద్దరు మనుషులు ముందూ వెనకా కర్రలు పట్టుకుని మోసుకుపోయే పెట్టె కుర్చీని ఆ పేరుతో పిలిచేవారు. మన భాషలో చెప్పాలంటే చిన్న పల్లకి. ఇప్పుడా మాట ముందు ఇంజనూ, నడుమ మనుషులూ, వెనక డిక్కీ వేరువేరుగా వున్న నాలుగు తలుపుల కారుకు స్థిరపడింది. ఈ పల్లకికీ బోయీలు లేకపోలేదు. అప్పిచ్చిన బ్యాంకు, రవాణా శాఖ, బీమా కంపెనీ, పెట్రోలు బంకు - ఈ నలుగురికీ కూలి ఇచ్చుకుంటేనే పల్లకి కదులుతుంది.

మా నాన్నగారి తరానికి కొత్తదా పాతదా అనే చిక్కు అంతగా లేదు. 1957లో మొదలై 2014 దాకా బెంగాలులోని ఉత్తరపారాలో తయారైన అంబాసిడరూ, ఫియట్టూ తప్ప కుటుంబానికి సరిపడే కార్లు అరుదు. కొత్త ఫియట్టుకు డబ్బు కట్టి ఏళ్ళ తరబడి కాచుకుని వుండాలి. కాచుకోలేనివారు చేతికందిన పాత బండికే కొత్తదాని కంటె ఎక్కువ ధర పోసేవారు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక రోజులు మారాయి. ఇప్పుడు కాచుకోవలసిన పని లేదు. తేల్చుకోవలసిన పని మాత్రం చాలా వుంది.

మా కుటుంబం మూడు ఊళ్ళలో పరుచుకుని వుంది. నేను జనగామలో అధ్యాపకుణ్ణి. అత్తవారి ఊరు మానుకోట, అంటే మహబూబాబాదు. బావమరిది భూపాలపల్లి సింగరేణి గనుల్లో ఉద్యోగి. 2016 అక్టోబరు దాకా ఈ మూడు ఊళ్ళూ వరంగల్లు జిల్లాలోనివే. ఇప్పుడు మూడూ మూడు జిల్లాల ముఖ్య పట్టణాలు. ఈ ఏడు మా ఇంట్లోనూ, బావమరిది ఇంట్లోనూ ఒకేసారి కారు మాట వచ్చింది. మా నాన్నగారిని నెలకొకసారి హన్మకొండలో గుండె డాక్టరుకు చూపించాలి. డెబ్బై దాటిన మనిషి బస్సులో నిలబడలేరు. బావమరిదికి ఇద్దరు చిన్న పిల్లలు. వారానికి రెండు సార్లయినా హన్మకొండ, మానుకోట తిరుగుడు.

"కొంటే కొత్తదే కొనాలె బావా! ఒకరు వాడి ఇడిసిపెట్టిన బండి మనకెందుకు?" అన్నాడు బావమరిది.

"ఇల్లు కొన్ననాడు గీ ముచ్చట యాదికి రాలేదా తమ్మీ? అది పాత ఇల్లే గదా!" అన్నది మా ఆవిడ.

ఇద్దరి మాటలోనూ న్యాయం వుంది. కాని న్యాయం ఎటువైపు ఎంత వున్నదో లెక్క వేస్తేగాని తేలదు.

షోరూం ధర, రోడ్డు ధర

పత్రికల్లో పడే ధర షోరూం ధర. బండి రోడ్డెక్కే ధర వేరు. పది లక్షలు దాటిన కారుకు మన రాష్ట్రంలో లైఫ్ టాక్సే ధరలో ఆరో వంతుకు పైమాట. పన్నెండు లక్షల కారనుకుందాం. లైఫ్ టాక్సు, బీమా కలిసి రెండున్నర లక్షల దాకా అదనంగా పడుతుంది.

జి.ఎస్.టి. షోరూం ధరలోనే కలిసి వుంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవూ, చిన్న ఇంజనూ వున్న కార్లకు 18 శాతం. నాలుగు మీటర్లు దాటిన మధ్యతరహా సెడానుకు 40 శాతం. అంతకు ముందు అది సెస్సుతో కలిసి 45 శాతంగా వుండేది. కొంత తగ్గినా, ఆ నాలుగు మీటర్ల గీత దాటినందుకు చెల్లించే మూల్యం ఇంకా పెద్దదే. డిజైరు వంటి పొట్టి డిక్కీ సెడాన్లు గీతకు ఇవతల ఆగిపోవడంలోని మర్మం ఇదే.

ఇక అప్పు. పది లక్షలు 9 శాతం వడ్డీకి ఏడేళ్ళకు తీసుకుంటే నెలకు రమారమి 16,100 రూపాయలు. ఏడేళ్ళలో వడ్డీయే మూడున్నర లక్షలు. పాత బండికి వడ్డీ రేటు ఎక్కువే. అయినా నాలుగు లక్షలు 12 శాతానికి నాలుగేళ్ళకు తీసుకుంటే నెలకు 10,500 పై చిల్లర. మొత్తం వడ్డీ లక్షకు కాస్త పైన. మా అమ్మాయి ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో వుంది. రెండేళ్ళలో ఇంజనీరింగు ఫీజు మొదలవుతుంది. ఏడేళ్ళ కంతు ఆ నాలుగేళ్ళ చదువును పూర్తిగా మింగి కూర్చుంటుంది. నాలుగేళ్ళ కంతుకు చదువు సగమయ్యేసరికి సెలవు చెప్పవచ్చు. మా ఇంట్లో తూకం ఇక్కడే ఒకవైపు మొగ్గింది.

తరుగు ఎవరి ఖాతాలో?

బీమా కంపెనీలు కారు విలువ కట్టడానికి ఒక తరుగు పట్టిక పెట్టుకున్నాయి. ఆరు నెలలు దాటిన కారుకు 15 శాతం, ఏడాది దాటితే 20, రెండేళ్ళు దాటితే 30, మూడేళ్ళు దాటితే 40, నాలుగేళ్ళు దాటితే 50 శాతం తరుగు. అయిదేళ్ళకు సగం విలువ ఆవిరి. కాని బాగా చూసుకున్న కారు ఆయుష్షు అయిదేళ్ళలో సగం కాదు. రిజిస్ట్రేషనే 15 ఏళ్ళకు ఇస్తారు. పైగా లైఫ్ టాక్సు మొదటి యజమాని కట్టి వుంటాడు. అదే రాష్ట్రంలో చేతులు మారితే మళ్ళీ కట్టనక్కరలేదు. పొరుగు రాష్ట్రం బండి అయితే మాత్రం అక్కడి నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి, ఇక్కడ పన్ను కట్టాలి. చౌక అనుకున్నది అక్కడ చౌక కాకుండా పోతుంది.

ఇప్పుడు జనం చూపంతా ఎత్తయిన ఎస్.యు.వి.ల మీద వుంది. మోజు తగ్గిన వస్తువు పాత బజారులో చౌకగా దొరుకుతుంది. సెడాను కొనేవారికి ఇది మంచి కాలమే.

మన రోడ్ల మాట

జనగామ నుంచి హైదరాబాదుకూ, హన్మకొండకూ జాతీయ రహదారి వుంది. ఆ దారిమీద సెడాను హాయిగా, నేలకు కరుచుకుని పోతుంది. పాలకుర్తి, తొర్రూరు మీదుగా మానుకోట పోవాలంటే ఊరూరికీ వేగనిరోధకాలు. పరకాల మీదుగా భూపాలపల్లి పోతే బరువు లారీలు, వాటి చక్రాలు తొలిచిన గుంటలు. అందుచేత కారు కడుపుకూ నేలకూ మధ్య ఖాళీ చూడాలి. హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నాలకు అది సుమారు 165 మిల్లీమీటర్లు. మారుతి సియాజుకు 170. స్కోడా స్లావియా, ఫోక్స్‌వాగన్ వర్చుస్‌లకు 179. ఇవి ఖాళీ బండి లెక్కలు. అయిదుగురు కూర్చుని, డిక్కీలో బియ్యం బస్తా వేస్తే ఇంకా దిగుతుంది.

డిక్కీ మాట వచ్చింది కనుక, వెర్నాది 528 లీటర్లు, స్లావియా వర్చుస్‌లది 521, సియాజుది 510, సిటీది 506. పెళ్ళి సామాను ఏ దానిలోనైనా పడుతుంది. లీటర్ల కంటె ముఖ్యం ఇంట్లో పెద్దవాళ్ళు. సెడాను సీటు కిందికి వుంటుంది. మోకాళ్ళ నొప్పులవారు దిగడం, లేవడం ఎలా వుందో వారిచేతనే చేయించి చూడాలి. మా నాన్నగారిని నాలుగు కార్లలో ఎక్కించి దింపాము. ఆయనకు ఏ కంపెనీయో పట్టలేదు. "తలుపు పెద్దగ తెరుసుకునేదే మంచిది" అని ఒక్క మాటలో తేల్చారు.

వాగుల మాట కూడా చెప్పుకోవాలి. 2023 జూలైలో మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి మునిగింది. 2024 సెప్టెంబరు 1న మరిపెడ దగ్గర ఆకేరు వాగు ఒక కారును ఈడ్చుకుపోయి రెండు ప్రాణాలు తీసింది. ఎంత ఎత్తు కారయినా పొంగే వాగుకు తెప్ప కాలేదు. అదే రోజుల్లో విజయవాడలో బుడమేరు ముంచిన కార్లు ఎన్నో. మునిగిన బండ్లు కడిగి, తుడిచి, ఎక్కడో ఒకచోట అమ్మకానికి రాక మానవు.

పాత బండిని చూసే తీరు

మాకు తెలిసిన మెకానిక్కు ఒకాయన మొదటి పాఠం చెప్పాడు: "సార్, బండిని పొద్దుగాల్ల, ఇంజను సల్లగున్నప్పుడు చూడుండ్రి. అమ్మెటోడు ముందే స్టార్టు చేసి వేడి చేసి పెడితే రోగం కనబడది."

చల్లని ఇంజను మొదటి తిప్పుకే అందుకోవాలి. నీలం పొగ వస్తే ఇంజనాయిలు కాలుతున్నదని గుర్తు. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి చూడాలి. అక్కడ బురద చార వుంటే బండి నీట మునిగిందన్నమాట. కాళ్ళకింద పట్టా ఎత్తి వాసన చూడాలి, సీటు పట్టాల తుప్పు చూడాలి. తలుపుల రబ్బరు తీసి అంచుల వెల్డింగు సమంగా వున్నదా, బానెట్టు బోల్టుల రంగు చెదిరిందా చూస్తే యాక్సిడెంటు సంగతి బయటపడుతుంది. టైరు మీద నాలుగంకెలు వుంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం. మీటరు ముప్పై వేలే చూపుతూ, క్లచ్చి పెడలు రబ్బరు నున్నగా అరిగి వుంటే మీటరును నమ్మకండి. కంపెనీ సర్వీసు రికార్డును నమ్మండి.

నంబరు పలక కూడా కొంత జాతకం చెబుతుంది. రాష్ట్రం రాకముందు వరంగల్లు బండ్లన్నీ ఏ.పి.36. కొత్త జిల్లాలు వచ్చాక భూపాలపల్లికి 25, మహబూబాబాదుకు 26, జనగామకు 27. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టి.ఎస్. పోయి టి.జి. వచ్చింది. ఏ ఏడు తయారైందన్నది భద్రతకూ ముఖ్యమే. ముందు సీట్లలో ఇద్దరికీ ఎయిర్ బ్యాగులు 2022 నుంచి తయారైన కార్లన్నిటిలోనూ తప్పనిసరి. అంతకు ముందు బండి అయితే వున్నాయో లేదో అడిగి చూసుకోవాలి.

డీజిలు కావాలనుకునేవారు పాత బజారుకే పోవాలి. సిటీ, వెర్నాల డీజిలు 2023తో ముగిసింది. నెలకు వెయ్యి కిలోమీటర్ల లోపు తిరిగేవారికి పెట్రోలే మేలు. పెట్రోలయితే 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండి ఇరవై శాతం ఇథనాలు కలిపిన పెట్రోలుకు తగినదో కాదో దాని పుస్తకంలో చూసుకోవాలి.

కాగితమే కారు

ఇంత చూసినా ఇంకొకటి మిగిలి వుంటుంది. మేము చూసిన ఒక బండి చాలా నచ్చింది. బజారు ధరకు అరవై వేలు తక్కువ. ఆర్.సి. చూస్తే పేరు మరెవరిదో. అమ్ముతున్నాయన మూడో చేతి మనిషి. "సంతకాలు చేసిన 29, 30 ఫారాలు వున్నయి సార్. మీరెప్పుడంటే అప్పుడు మార్పించుకోండ్రి" అన్నాడు మధ్యవర్తి. మేము లేచి వచ్చేశాము.

ఎందుకంటే, 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. ఆ కేసులో కారు నాలుగు చేతులు మారింది. రవాణా శాఖ పుస్తకంలో మాత్రం మొదటి యజమాని పేరే వుండిపోయింది. ప్రమాదం జరిగింది. ఎప్పుడో అమ్ముకుని మరిచిపోయిన ఆ మొదటి మనిషే నష్టపరిహారం కట్టాలని కోర్టు తేల్చింది. పుస్తకంలో ఎవరి పేరుంటే వారే యజమాని. కనుక ఈ జాగ్రత్త కొనేవారికే కాదు, పాత బండి అమ్మి ఊపిరి పీల్చుకునేవారికి మరీ ముఖ్యం. చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో తెలియజేయాలి. కొన్నవారు 30 రోజుల్లో పేరు మార్పు కోరాలి. బీమా బదిలీకి 14 రోజులు. అమ్మినాయన సంపాదించిన 'నో క్లెయిం' రాయితీ ఆయన వెంటే పోతుంది, మనకు రాదు. బ్యాంకు అప్పు తీరినట్టు ఆర్.సి.లో కొట్టివేత వున్నదా, పాత చలానాలు మిగిలి వున్నవా, ఒకప్పుడు టాక్సీగా తిరిగిందా - ఈ మూడూ డబ్బు ఇవ్వకముందే చూడవలసినవి.

ఎవరి నడకకు ఏది?

చివరికి రెండిళ్ళూ రెండు దారులు పట్టాయి. బావమరిది నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరుగుతాడు, రాత్రి వేళ లారీల మధ్య. కొన్నాక పదేళ్ళు వుంచుకునే మనిషి. అతను కొత్త స్లావియా కొన్నాడు. 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ ఢీకొట్టి చూసి దానికి అయిదు నక్షత్రాలిచ్చింది. పదేళ్ళ మీద పరిస్తే తరుగు అంత బరువు కాదు.

మేము నెలకు ఆరేడు వందల కిలోమీటర్లు దాటము. 2021లో రిజిస్టరైన, ఒకే చేతి పెట్రోలు సియాజు ఏడు లక్షల ఇరవై వేలకు తీసుకున్నాము. 2025లో ఆ కారు తయారీ ఆగిపోయింది కదా అని కొందరు భయపెట్టారు. తయారీ ఆగడం వేరు, కంపెనీయే దేశంలో దుకాణం కట్టేయడం వేరు. సియాజు ఇంజను జాతివే ఎర్టిగాలు వేలకు వేలు రోడ్డుమీద వున్నాయి, సామాను దొరక్కపోదు. సొమ్ము ఇచ్చింది పేరు మార్పు దరఖాస్తు పడ్డ తర్వాతనే.

కొత్తది గొప్పా, పాతది చౌకా అని కాదు. ఏడాదికి పన్నెండు వేల కిలోమీటర్ల లోపు తిరుగుతూ, ఇంట్లో చదువులో పెళ్ళిళ్ళో దగ్గర పడుతున్నవారికి మూడు నాలుగేళ్ళ వయసున్న, ఒకే చేతిలో పెరిగిన కారు నప్పుతుంది. బాగా తిరిగి, చాలాకాలం వుంచుకునేవారికి కొత్తది కిట్టుతుంది. ఇద్దరూ పాటించవలసిన నియమం మాత్రం ఒక్కటే: ఇంజనుకు వైద్యం వుంది, టైరుకు మారు టైరు వుంది, చెడ్డ కాగితానికి మందు లేదు. ఆర్.సి. చేతికి వచ్చాకనే ఇంట్లో కొబ్బరికాయ కొట్టండి.