సెలవుల్లో ‘కరుణామయుడు’

వేసవి సెలవులకు మా మరిది పిల్లలు వచ్చారు. ఆదివారం ఆరాధన ముగిశాక టీవీలో 1978 నాటి ‘కరుణామయుడు’ పెట్టుకున్నారు. సినిమా అంటేనే పాపమనే మా అత్తగారు, ఒకప్పుడు పేటలో తెల్లగుడ్డ కట్టి ఇదే చిత్రం వేసినా ఇల్లు కదలలేదు. ఇప్పుడూ విసనకర్రతో గుమ్మంలోనే కూర్చున్నారు.

“విజయచందర్ బాగా చేశాడు గాని, కథ మరీ నెమ్మది” అన్నాడు పెద్దవాడు. ఈ కాలపు కళ్లు మరి! సిలువ ఘట్టం రాగానే చిన్నది మొహం కప్పుకుంది. అత్తగారు లేచి దాని పక్కకు వచ్చారు.

“ఏడవకే, మూడో దినాన ప్రభువు లేస్తాడుగా” అంటూ చివరిదాకా అక్కడే ఉన్నారు.

రాత్రి కుటుంబ ప్రార్థనలో యోహాను 20వ అధ్యాయం చదివించారు. మగ్దలేనే మరియ యేసును తోటమాలి అనుకున్న చోట చిన్నది కిసుక్కున నవ్వింది. అత్తగారు గద్దించలేదు.