మందులు కలిసిన నీటికి వెలుగే విరుగుడు

విరేచనాలు పట్టుకుంటే డాక్టరు రాసే సిప్రోఫ్లాక్సాసిన్ మాత్ర మన హాస్టల్‌లో కొత్తేమీ కాదు. మింగిన మందులో 40 నుంచి 50 శాతం దాకా ఏ మార్పూ లేకుండా మూత్రంలో బయటికి పోయి మురుగులో కలుస్తుందన్నది మాత్రం చాలామందికి తెలియదు. ఫ్యాక్టరీల నీటి సంగతి ఇంకా ఘోరం. హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలం చేరే కేంద్రం నుంచి, శుద్ధి అయ్యాక వదిలిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఇలాంటి నీటిలో మందుకు లొంగని క్రిములే మిగిలి పెరుగుతాయి. అవి మనకు సోకితే మాత్ర పనిచేయదు.

శుద్ధి చేశాక కూడా మందు ఎందుకు మిగిలింది? మురుగును శుద్ధి చేసేది ముఖ్యంగా బ్యాక్టీరియాయే. బ్యాక్టీరియాను చంపే మందును బ్యాక్టీరియా చేతే తినిపించాలంటే కుదిరే పనేనా?

ఇక్కడే కాంతి ఉత్ప్రేరకం అక్కరకొస్తుంది. గోడల తెల్లరంగులో వాడే టైటానియం డయాక్సైడ్ పొడి అందరికంటే ముందు చెప్పుకోవాల్సినది. (మన శ్రీకాకుళం తీరపు ఇసుకలో దొరికే ఇల్మనైట్ దీని ముడిఖనిజమే.) వెలుగు పడితే ఇది నీటిని విడగొట్టగలదని 1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా చూపించారు. అతినీలలోహిత కిరణం తగలగానే పొడిలోని ఎలక్ట్రాన్ పైస్థాయికి ఎగిరిపోతుంది, దాని చోట ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ నీటి నుంచి ఎలక్ట్రాన్‌ను లాగితే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. అది పక్కనున్న మందు అణువుపై పడి ముక్కలు చేస్తుంది. ఉత్ప్రేరకం మాత్రం ఖర్చు కాదు.

వినడానికి బాగుంది కానీ, ఎండలో అతినీలలోహిత భాగం 5 శాతం లోపే. అందుకే మామూలు వెలుగుకూ పనిచేసే కార్బన్ నైట్రైడ్ వంటివాటిపై పరిశోధన సాగుతోంది. మురికినీటిలోకి వెలుగు దూరదు, అందులోని ఇతర మలినాలు రాడికల్స్‌ను మింగేస్తాయి. కాబట్టి దీన్ని మొదట కాదు, చివరి దశలో వాడడమే సరైనదని మా అభిప్రాయం. పొడిని నీటినుంచి తిరిగి వడకట్టడం మరో తలనొప్పి. గాజుపూసలకో పలకలకో అతికించి చూస్తున్నారు.

అణువు ముక్కలైనంత మాత్రాన విషం పోయినట్టు కాదు. ముక్కలకూ క్రిములను చంపే గుణం ఉండవచ్చు. అందుకే బ్యాక్టీరియా పెంచిన గాజుపళ్లెంలో శుద్ధిచేసిన నీటిచుక్క వేసి చూస్తారు. చుక్క చుట్టూ క్రిములు లేని వలయం ఏర్పడితే, మందు బలం ఇంకా మిగిలుందన్నమాట.