మేఘములో దాగిన చలినీరు

1994 అక్టోబరు 31న ఇండియానాపొలిసు నుండి చికాగోకు బయలుదేరిన ఏ.టి.ఆర్.-72 విమానమొకటి, దిగుటకు అనుమతి రాక, రోజ్‌లాన్ అను పల్లె సమీపమున మేఘములలో చక్కర్లు కొట్టుచుండెను. అచ్చటి తుంపర రెక్కలపై మంచై పేరుకొనెను. విమానము అదుపు తప్పి సోయాచిక్కుడు చేనిలో కూలెను. అందున్న 68 మందిలో ఒక్కరును మిగులలేదు.

రెక్క ముందంచున రబ్బరు తొడుగు ఉండును. అది ఉబ్బి మంచును పగులగొట్టును. సన్నని మేఘబిందువులకు ఆ ఉపాయము చాలును. తుంపర చినుకు పెద్దది. తగిలినచోటనే పూర్తిగా గడ్డకట్టక, వెనుకకు జారి, తొడుగు దాటినచోట గట్టుకట్టును.

సున్న డిగ్రీలకు దిగువనున్న మేఘములో నీరెట్లుండును? చలి ఒక్కటియే నీటిని మంచుగా మార్చజాలదు. అణువులు స్ఫటికముగా కుదురుకొనుటకు ఒక బీజము, అనగా తగిన మట్టిరేణువో సూక్ష్మజీవి అవశేషమో కావలెను. తోడు వేయని పాలు త్వరగా తోడుకొననట్లే, బీజము దొరకని బిందువు మైనస్ 38 డిగ్రీల సెంటిగ్రేడు సమీపించువరకు నీరుగనే నిలువగలదు.

బీజములు సమృద్ధిగనున్న మేఘములో కథ వేరు. మంచు స్ఫటికము ఆవిరిని నీటికంటె ఆత్రముగా గ్రహించును. బిందువులు హరించిపోవును, స్ఫటికములు పెరిగి హిమమై రాలును. 1911లో వెగెనర్ సూచించిన ఈ సంగతిని, పిదప స్వీడను దేశీయుడైన బెర్జెరాన్ విస్తరించెను.

ధ్రువప్రాంతపు గాలి నిర్మలము. అచ్చట మంచుబీజములు అరుదు; ఆవిరి బిందువగుటకు ఆధారమగు రేణువులును తక్కువే. కావున బిందువులు కొలదిగా, ఒక్కొక్కటి పెద్దదిగా ఏర్పడును. పెద్దవి వడిగా దిగుచు చిన్నవానిని ఢీకొని కలుపుకొనును. 200 మైక్రాన్ల వ్యాసము గల తుంపర చినుకునకు 20 మైక్రాన్ల బిందువులు వేయి కావలెను! హిమము నడుమ వెచ్చని గాలిపొరలో కరగి, క్రింద మరల చల్లబడినప్పుడే గడ్డకట్టు వాన కురియునని పలువురి తలంపు. ఈ తుంపరకు అట్టి పొర అక్కరలేదు.

అంటార్కిటికాలోని మెక్‌మర్డో స్థావరమున 2015 చివరి నుండి 2017 జనవరి వరకు రాడారులతో, లేజరు యంత్రములతో మేఘములను పరిశీలించిరి. మైనస్ 25 డిగ్రీలకు దిగువన గల మేఘము నుండి ఏడున్నర గంటలకు పైగా తుంపర ఎడతెగక పడిన వృత్తాంతము 2019లో వెలువడెను. అంత చలిలో హిమమే రాలునని లెక్కించు వాతావరణ గణితములకు ఇది చిక్కు ప్రశ్న. నీటిమేఘము మంచుమేఘము కంటె సూర్యకాంతిని అధికముగా మరలించును; గణితము నీటిని తొందరపడి మంచుగా మార్చినచో దక్షిణ సముద్రముపై ఎండ లెక్కయు తప్పును.