మూసీ ఒడ్డున గాయపడిన దేవుళ్లు

చిలుకూరు బాలాజీ గుడిలో ప్రదక్షిణలు చేసేవాళ్లలో మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల వాళ్లు ఎంతోమంది కనిపిస్తారు. మా టీమ్ పిల్లలు కూడా ఆన్‌సైట్ మాట వినపడగానే అప్పా జంక్షన్ మీదుగా అక్కడికి బయల్దేరతారు. కోరిక చెప్పుకున్నప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. లెక్క తప్పకుండా చేతిలో అంకెల కార్డు, పెన్ను. ‘వీసా బాలాజీ’ అన్న పేరు వాళ్లందరికీ తెలుసు. గుడి కథ మాత్రం చాలామందికి తెలియదు.

ఏటా తిరుపతికి వెళ్లే భక్తుడొకడు ఒకసారి జబ్బుపడి కదల్లేకపోయాడట. స్వామి కలలోకి వచ్చి, ‘దిగులెందుకు? నేను నీ పక్కనున్న అడవిలోనే ఉన్నాను’ అన్నాడట. చెప్పిన చోట పుట్ట తవ్వుతుంటే గొడ్డలి దెబ్బ విగ్రహానికి గడ్డం కింద, గుండె మీద తగిలి రక్తం కారింది. ఆవుపాలతో పుట్టను తడపమని ఒక మాట వినిపించింది. పాలు పోస్తే శ్రీదేవి భూదేవులతో వేంకటేశ్వరుడు బయటపడ్డాడు. రాలేని మనిషి కోసం తానే వచ్చి, దెబ్బ కూడా ఓర్చుకున్న దేవుడాయన. ఈ గుడిలో హుండీ లేదు, వీఐపీ దర్శనం లేదు. ఆ కథకు తగిన పద్ధతే అది.

గుడి దగ్గరి చెరువు గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. నది శాంతించాలని నిజాం మహబూబ్ అలీ పాషా పట్టుచీర సమర్పించి హారతి ఇచ్చాడని నగరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో మూసీకి అడ్డంగా కట్టిన ఈ చెరువు ఆనకట్ట 1920లో పూర్తయింది.

ఆ నది వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో పుడుతుంది. దేవతల తరఫున యుద్ధం చేసి అలసిన ముచుకుందుడు ఆ కొండ గుహలోనే నిద్రపోయాడని స్థలపురాణం. కృష్ణుణ్ని తరుముతూ వచ్చిన కాలయవనుడు, కృష్ణుడే అనుకుని ముచుకుందుణ్ని తన్ని లేపి, అతని చూపుకే బూడిదయ్యాడు. ఎదుట నిలిచిన కృష్ణుడి పాదాలు ముచుకుందుడు కడిగిన నీళ్లే ముచుకుందా నదిగా, మన మూసీగా పారాయట.

నది నగరంలోకి వచ్చాక జియాగూడలో రంగనాథస్వామి గుడి ఉంది. 2018 ఏప్రిల్‌లో చిలుకూరు అర్చకులు రంగరాజన్ ఒక దళిత భక్తుణ్ని భుజాల మీద ఎత్తుకుని ఈ గుడిలోకి తీసుకెళ్లారు. దాని వెనక శ్రీరంగం కథ ఉంది. కావేరి ఒడ్డున పరవశంలో పాడుకుంటున్న భక్తుడు తిరుప్పాణాళ్వార్ దారికి అడ్డమని గుడి అర్చకుడు లోకసారంగముని రాయి విసిరాడు. భక్తుడి నుదుట తగిలిన దెబ్బకు గర్భగుడిలో రంగనాథుడి నుదుట రక్తం కనిపించింది. అంటరానివాడని గుడిలోకి రానివ్వని ఆ భక్తుణ్ని భుజాల మీద మోసుకురమ్మని స్వామి మునిని ఆజ్ఞాపించాడు.

మాది మిర్యాలగూడ. అక్కడికి దగ్గర్లో వాడపల్లి ఉంది. మూసీ కృష్ణలో కలిసేది అక్కడే. సంగమంలో మునిగి గట్టెక్కాక నాయనమ్మ నన్ను అగస్త్యేశ్వరుడి ముందు నిలబెట్టి, లింగం తలమీది గుంట చూడమనేది. బోయవాడు తరుముతుంటే ఒక పిట్ట శివుణ్ని శరణు కోరింది. తన ఆకలి మాటేమిటని బోయ అడిగితే, నా తల మాంసం తీసుకో అన్నాడు శివుడు. బోయ వేళ్లు దిగిన చోటే ఆ గుంట అని, గాయం కడగడానికి వచ్చిన గంగే అందులోని నీళ్లని నాయనమ్మ చెప్పేది. ‘పిట్టనూ కాచిండు, బోయనూ పస్తుంచలేదు. దేవుడంటే అట్ల ఉండాలె బిడ్డా’ అనేది.

మంచాన పడ్డవాడు, గుడి బయట నిలబడ్డవాడు, ప్రాణభయంతో వచ్చిన పిట్ట. ఈ కథల్లో వీళ్ల కోసం దేవుడు తన ఒంటి మీదే గాయం పెట్టుకున్నాడు. గొప్పతనానికి మనవాళ్లు ఇచ్చిన కొలత అది. మా పిల్లలకు ఇవి చెప్పాలని నా తపన.

కృష్ణుడి పాదాలు కడిగిందని మనం చెప్పుకునే నీటిలోకే ఇవాళ నగరం మురుగు వదులుతోంది. ఆ నీళ్లు దిగువన వాడపల్లికే చేరతాయి. అందుకే మా అపార్ట్‌మెంట్‌లో మురుగు శుద్ధిచేసే ఎస్టీపీ సరిగా నడుస్తోందా, శుద్ధిచేసిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి అని ప్రతి నెలా మీటింగులో అడుగుతాను. చిలుకూరులో నేను మొక్కుకున్న మొక్కు ఇదే. కొండాపూర్‌లో, నానక్‌రామ్‌గూడలో ఉండే మీరూ మీ మీటింగుల్లో అడగండి.