నిప్పులో వాటా, ముప్పులో వాటా

కోడుమూరులో మీట నొక్కగానే దీపం వెలుగుతుంది. ఆ వెలుగు ఎవరి ఇంటి పక్క నుండి బయలుదేరి వచ్చిందో మేము ఏనాడూ ఆలోచించలేదు. గోదావరి డెల్టాలో నేల అడుగు నుండి తీసే సహజవాయువుతోనూ మన రాష్ట్రంలో విద్యుత్తు తయారవుతుంది. ఆ వాయువు దారిలోనే నగరం అనే గ్రామం ఉంది.

2014 జూన్ 27, శుక్రవారం. రమజాన్ మాసానికి రెండు మూడు రోజులే మిగిలి ఉన్నాయి. తాటిపాక నుండి కొండపల్లి విద్యుత్ కేంద్రానికి వాయువును మోసుకుపోయే గెయిల్ సంస్థ గొట్టం తెల్లవారుజామున ఆ ఊరి ఇళ్ళ నడుమ పగిలింది. జనం నిద్రలో ఉండగానే వాయువు కొబ్బరి తోటలను, వాకిళ్ళను కమ్మేసింది. టీ దుకాణంలో పొయ్యి వెలిగించగానే అంటుకున్నదని నాటి వార్తలు తెలిపాయి. 20 మందికి పైగా మరణించారు.

అదంతా దైవనిర్ణయమని సరిపెట్టుకుని ఊరుకోవడం మాకు సమ్మతం కాదు. భూమి నుండి వెలువడే వాయువులో తేమ ఉంటుంది. దాన్ని ముందుగానే తొలగించకపోతే నీరు గొట్టం అడుగున చేరి ఉక్కును లోలోపలే తినివేస్తుంది. నగరంలో జరిగింది అదే. పొడి వాయువు కోసం వేసిన గొట్టంలో తేమ వాయువు ప్రవహించింది. గొట్టం కారుతున్నదని ముందే చెప్పినా పట్టించుకోలేదని గ్రామస్థులు వాపోయారు.

అంతకు 19 ఏళ్ళ క్రితం, 1995 జనవరి 8న, ఆ పరిసరాల్లోనే పాశర్లపూడి వద్ద ఓఎన్‌జీసీ బావి అదుపు తప్పి భగ్గుమన్నది. ఆ మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. వేలమంది ఇల్లూవాకిలీ విడిచి వెళ్ళవలసి వచ్చింది.

నీరు, పచ్చిక, నిప్పు, ఈ మూడింటిలో ప్రజలందరూ భాగస్వాములేనని దైవప్రవక్త (స) బోధించారు. కోనసీమ నిప్పులో మనకూ వాటా దక్కింది. దాని ముప్పు మాత్రం నగరం వాసులకే మిగిలింది. ఈ పంపకం న్యాయమేనా? పొరుగువాని హక్కు గురించి ఇంతగా చెప్పే ధర్మాన్ని అనుసరించే మనం అడగవలసిన ప్రశ్న ఇది.

ఈ ప్రశ్న మన గడపకూ దూరంగా లేదు. దేవనకొండ మండలం కప్పట్రాళ్ల అటవీ ప్రాంతంలో యురేనియం అన్వేషణకు 68 బోర్లు వేయాలన్న ప్రతిపాదనపై 2024 నవంబరులో చుట్టుపక్కల ఊళ్ళు కదిలాయి. జనం రోడ్డెక్కారు. ప్రభుత్వం వెనక్కు తగ్గింది. అక్కడ వెతికింది వాయువు కాదు, నిజమే. కానీ ఊరిని అడగకుండా ఊరి అడుగును తవ్వబోవడం రెండుచోట్లా ఒకటే.

అడిగే హక్కు ఎంతవరకు ఉన్నదో తెలుసుకోవడం అవసరం. చమురు, సహజవాయువు ఉత్పత్తి ప్రాజెక్టులకు 2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. అయితే 2020 జనవరిలో చేసిన సవరణతో అన్వేషణ దశకు ఆ అవసరం తొలగిపోయింది. అంటే బోరు మొదట దిగుతుంది, మాట అడగడం తర్వాత!

గొట్టాల విషయంలో 1962 నాటి చట్టం వర్తిస్తుంది. భూమి రైతుదే. కానీ గొట్టం పోయే మేర ఇల్లు కట్టరాదు, చెరువు తవ్వరాదు, చెట్టు నాటరాదు. పరిహారం మార్కెట్ విలువలో పది శాతం మాత్రమే. పొలం రాసిచ్చే సోదరులు సంతకానికి ముందు ఈ షరతులు చదివించుకోవాలి. ఇంట్లోని స్త్రీలకూ వినిపించాలి. పొలానికి పగలు వెళ్ళి వచ్చేది మగవారైనా, గొట్టం పక్కన రాత్రింబవళ్ళు గడిపేది, తెల్లవారకముందే పొయ్యి వెలిగించేది వారే.