పిల్లల తల్లి కుక్క ఎందుకు కరుస్తుంది?

రోజూ అన్నం పెట్టే చేతినే వీధికుక్క కరిచిందని చెప్పేవారిని మేము చూస్తుంటాము. విచారిస్తే, అది ఈమధ్యే పిల్లలు పెట్టిందని తెలుస్తుంది. "దానికి పిచ్చి లేదండీ, పిల్లల తల్లి గనుక కరిచింది. సూది అవసరమా?" అని అడుగుతారు.

పిల్లల కోసమే కరిచిందనే మాట నిజం కావచ్చు. ఈనే సమయానికి కుక్క రక్తంలో ప్రొజెస్టిరాన్ అనే హార్మోను పడిపోయి, పాలు పట్టించే ప్రొలాక్టిన్ పెరుగుతుంది. గర్భసంచిని ముడుచుకునేలా చేసి, పాలు దిగేలా చేసే ఆక్సిటోసిన్ మెదడులోనూ పనిచేస్తుంది. మన కాన్పుల గదిలో వాడే ఇంజెక్షను ఇదే. దీనికి ప్రేమ హార్మోను అని పేరు పెట్టారు గాని, అది సగం మాటే. మెదడులో ఆక్సిటోసిన్ ఎక్కువగా విడుదలైన తల్లి ఎలుకలే పరాయి ఎలుకపై ఎక్కువగా దాడి చేశాయని 2005లో జర్మనీ శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

భయం సంగతి ఇంకా ఆసక్తికరం. సి.ఆర్.హెచ్. అనే పదార్థం మెదడులో భయాన్ని, ఆందోళనను పెంచుతుంది. 2004లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో దీనిని పాలిచ్చే చుంచెలుకల మెదడులోకి ఎక్కించగా, వాటి దాడి బాగా తగ్గింది. అంటే బాలింత జంతువు తెగించడానికి కోపం పెరగడమే కాక, భయం తగ్గడం కూడా కారణమన్నమాట. కర్ర చూపితే పారిపోయే కుక్క, పిల్లలు పెట్టాక కర్రకే ఎదురు రావడం మీరు చూసే ఉంటారు.

హార్మోన్లతోనే అంతా జరగదు. చుంచెలుకల పిల్లలను కొన్ని గంటలు వేరుచేస్తే తల్లి దాడి తగ్గిపోతుంది. మళ్ళీ కొద్ది నిమిషాలు దగ్గర ఉంచితే తిరిగి వస్తుంది. పిల్లలు పెద్దవై పాలు మానేకొద్దీ ఇది దానంతటదే పోతుంది. అందాకా ఆ గోడ మూలకు చిన్నపిల్లలను వెళ్ళనివ్వకండి. కుక్కపిల్లలను ఎత్తుకోవాలని ముచ్చటపడేది వాళ్ళే.

ఇక సూది మాట. కుక్క ఎందుకు కరిచిందో హార్మోన్లు చెప్పగలవు గాని, దాని లాలాజలంలో రేబిస్ క్రిమి ఉందో లేదో చెప్పలేవు. పిల్లల తల్లికీ రేబిస్ రావచ్చు. కనుక గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడగండి. సున్నం, కారం, పసుపు పెట్టవద్దు. కుక్కను 10 రోజులు గమనించి చూద్దామని టీకాను వాయిదా వేయవద్దు. రక్తం వచ్చిన గాయమైతే టీకాతోపాటు గాయం లోపల, చుట్టూ ఇమ్యూనోగ్లోబులిన్ కూడా ఇవ్వాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా ఈ టీకా వేయించుకోవచ్చు. బిడ్డకు పాలు మాన్పించనక్కరలేదు.