నాడి పట్టిన చేతితోనే తాళం

పగలు కర్నూలు పెద్దాసుపత్రిలో రోగుల నాడి చూశారు. డ్యూటీ దిగాక శిష్యులను కూర్చోబెట్టుకుని పాట చెప్పారు. ఆలంపూర్‌కు ఏటి అవతలి ఊళ్లో నిండుగా బతికిన డాక్టర్ శ్రీపాద పినాకపాణి తెలుగు గొంతుకు ఏం చేసి వెళ్లారు?

ఆలంపూర్, గద్వాల, అయిజ పల్లెల్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే ముందుగా గుర్తొచ్చేది కర్నూలే. తుంగభద్ర వంతెన దాటితే పెద్దాసుపత్రి. ఈ ప్రాంతం 1956 దాకా రాయచూరు జిల్లాలో ఉంది. ఆ తర్వాత మహబూబ్‌నగర్‌లో కలిసింది. 2016 నుంచి జోగులాంబ గద్వాల జిల్లా అయింది. పాలన ఏ ఊరి నుంచి సాగినా వైద్యానికి మాత్రం కర్నూలు దారే పట్టాం. ఆ ఊరి వైద్య కళాశాలకు 1957లో వచ్చి, 1968లో పదవీ విరమణ చేసి, ఆఖరి వరకూ అక్కడే ఉండిపోయిన పెద్దాయన పినాకపాణి. మనవాళ్ల రొమ్ము మీద స్టెతస్కోపు పెట్టిన ఆ డాక్టరు దక్షిణాది సంగీతంలో ఎంతటివాడో మనలో చాలామందికి ఇప్పటికీ తెలియదు. తెలియాలి.

మన పాటను మళ్లీ తెచ్చుకున్నాడు

1913 ఆగస్టు 3న శ్రీకాకుళం జిల్లా ప్రియాగ్రహారంలో ఆయన పుట్టారు. రాజమండ్రిలో బి.ఎస్. లక్ష్మణరావు దగ్గర తొలి పాఠాలు నేర్చుకున్నారు. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, జనరల్ మెడిసిన్‌లో ఎం.డి. చేశారు. చదువు సాగుతున్నా సంగీతాన్ని వదల్లేదు. ద్వారం వెంకటస్వామి నాయుడు సన్నిధిలో కొంత నేర్చుకున్నారు. తర్వాత వీణ ధనమ్మాళ్ బాణీ తెలిసిన రంగరామానుజ అయ్యంగార్ దగ్గర ఎన్నో కృతులు పాఠం చేశారు.

త్యాగరాజస్వామి రాసింది తెలుగులో. ఆ పాట పెరిగింది మాత్రం కావేరి ఒడ్డున, తిరువయ్యారులో. తంజావూరు విద్వాంసులు తరతరాలుగా దానికి నగిషీ చెక్కుతూ వచ్చారు. మాట మనదే అయినా, ఆ పాడే తీరు తెలుగునాట అంతగా వేళ్లూనలేదన్న వెలితి పినాకపాణిని యవ్వనంలోనే పట్టుకుంది. అరియక్కుడి రామానుజ అయ్యంగార్, శెమ్మంగుడి శ్రీనివాస అయ్యర్ వంటి దిగ్గజాల పాటను శ్రద్ధగా విన్నారు. విని ఆనందించి ఊరుకోలేదు. ఆ పాట అంత బాగుండటానికి కారణమేమిటో విడదీసి చూసుకున్నారు. రోగ లక్షణాన్ని బట్టి మూలం వెతికే వైద్యుడి బుద్ధి ఇక్కడ ఆయనకు అక్కరకొచ్చింది.

ఒకే గాంధారం, రెండు నడకలు

ఆయన పట్టుకున్న కీలకం గమకం, అంటే స్వరాన్ని కదిలించి పలికించే తీరు. తోడి, ఖరహరప్రియ రాగాలు రెండింటిలోనూ ఉండేది సాధారణ గాంధారమే. కాగితం మీద రెండుచోట్లా ‘గ’ అనే రాస్తాం. పాడితే మాత్రం తోడి గాంధారం ఊగే తీరు వేరు, ఖరహరప్రియ గాంధారం నిలిచి కదిలే తీరు వేరు. ఎక్కడ మొదలై, ఏ స్వరాన్ని తాకి, ఎంత సేపు ఊగి, ఎక్కడ ఆగాలో చెప్పకపోతే శిష్యుడు అక్షరం పలుకుతాడు గానీ రాగం పలకదు. ఈ మర్మాన్ని గురువు ముఖం చూసి పట్టుకోవాల్సిందేనని వదిలేయకుండా, విడమరిచి చెప్పొచ్చనీ, రాసిపెట్టొచ్చనీ పినాకపాణి నమ్మారు. రాగం నేర్పే రచనలైన వర్ణాలకు పెద్దపీట వేయడం అందుకే. రాగంలోని ప్రతి స్వరానికీ ఉండే నడక వర్ణంలో కుదురుగా పట్టుబడుతుంది. అప్పటికప్పుడు అల్లి పాడే కల్పనస్వరానికి పునాది అక్కడే పడుతుంది.

శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో కూడవెల్లి మునుగుతుందని తేలినప్పుడు, అక్కడి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి ఆలంపూర్‌కు తెచ్చి మళ్లీ నిలబెట్టారు. ఏ రాయి ఎక్కడిదో గుర్తు తప్పితే అది గుడి కాదు, రాళ్లకుప్ప. తంజావూరు బాణీని పినాకపాణి తెలుగు నేలకు తెచ్చిన పద్ధతీ అచ్చంగా ఇదే. ఆ పనికి ఆనవాలు తిరుమల తిరుపతి దేవస్థానం ప్రచురించిన ‘సంగీత సౌరభం’ సంపుటాలు. గురువు దొరకని చోట కూడా కృతి చెడిపోకుండా నిలవాలన్న తపన వాటిలో కనిపిస్తుంది.

శిష్యుల గొంతుల్లో

కర్నూలుకు రాకముందే, 1949లో తన దగ్గరికి వచ్చిన నేదునూరి కృష్ణమూర్తిని ఆయన తీర్చిదిద్దారు. ఆ నేదునూరే తర్వాత అన్నమయ్య ‘నానాటి బ్రతుకు’కు రేవతి రాగంలో వరస కట్టారు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతులో అది ఇంటింటికీ చేరింది. నూకల చిన సత్యనారాయణ సికింద్రాబాద్ సంగీత కళాశాలలో ప్రిన్సిపాల్‌గా తెలంగాణ పిల్లలకు పాఠం చెప్పారు. వోలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం గొంతులను విజయవాడ ఆకాశవాణి ఊరూరికీ వినిపించింది. మల్లాది సూరిబాబు, ఆయన కుమారులు మల్లాది సోదరులు ఆ బాణీని ఈ తరానికి అందించారు.

మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1983లో పినాకపాణికి ‘సంగీత కళానిధి’ ఇచ్చింది. 1984లో పద్మభూషణ్ వచ్చింది. 1991లో నేదునూరి కూడా ‘సంగీత కళానిధి’ అయ్యారు. గురువుకు ఇంతకు మించిన సన్మానం ఏముంటుంది! 2013 మార్చి 11న కర్నూలులో కన్నుమూసేనాటికి ఆయన నూరేళ్లు నిండడానికి ఐదు నెలలు కూడా మిగల్లేదు.

మన గడ్డ అందుకోవాల్సింది

పినాకపాణి జీవితం మనకు సూటిగా చెప్పేది ఒకటుంది. విద్య ఒక ప్రాంతంలో స్థిరపడాలంటే కచేరీలు చాలవు, పాఠం చెప్పే మనిషి కావాలి. ఆయనేమీ రాజధానిలో కూర్చుని ఇదంతా చేయలేదు. చాలా ఏళ్లు రాయలసీమ జిల్లా కేంద్రంలో, ఊపిరి సలపని ఆసుపత్రి ఉద్యోగం చేస్తూ చేశారు. అక్కడ కుదిరినది ఆలంపూర్‌లో కుదరదనడానికి కారణం లేదు.

ఏటా దసరాకు ఆలంపూర్‌లో జోగులాంబ శరన్నవరాత్రులు జరుగుతాయి. ఒక పూట పాడి వెళ్లే విద్వాంసుణ్ని పది రోజులు ఉండమని అడగాలి. ఆయనకు బస, భోజనం, గౌరవప్రదమైన పారితోషికం ఏర్పాటు చేయాలి. ఉదయం మన బడిపిల్లలకు స్వరావళి చెప్పించాలి, సాయంత్రం గుళ్లో పాడించాలి. పది రోజుల్లో ఎవరూ విద్వాంసులు కారు. కానీ గొంతున్న పిల్ల ఎవరో, పట్టున్న పిల్లవాడెవరో తేలిపోతుంది. అలా తేలిన వాళ్లను కర్నూలుకో హైదరాబాద్‌కో పంపి చదివించే పూచీ ఊరు తీసుకోవాలి. రేపు వాళ్లలో ఒక్కరు తిరిగొచ్చి ఇక్కడే పాఠం మొదలుపెట్టినా, ఆ డాక్టరుగారి రుణంలో మన వంతు తీర్చినట్టే.